తోక తెగిన వాక్యం

చందంపేట హైస్కూలు, పదో తరగతి, ఆరో పీరియడు.
జూన్ సగం పోయినా మొగులు లేదు,
రేకులు టపటపమంటున్నయి.
బోర్డు నడిమిట్ల ఒక్క మాట రాసిన:
ఎంప్లాయ్.
ఇది మొండెం బిడ్డా,
తల పెడదాం, తోక పెడదాం,
ఏమైతదో చూద్దాం.

వెనక మెంట్ తగిలిస్తే పని.
అర్ తగిలిస్తే పనిచ్చేటోడు.
ఈ తగిలిస్తే పని చేసేటోడు.

"గంతేనా సారూ, ఆఖరి అక్షరమేనా
మేస్త్రికీ మా నాయనకూ తేడా?"
రమావత్ బుజ్జి అడిగింది.
వాళ్ల నాయన పుణెల సెంట్రింగు,
చీటీ లేదు, హాజరుపట్టీ లేదు,
మేస్త్రి నోట్ల ఎంతుంటే అంత కూలి.
చాక్‌పీసు విరిచి సగం ఆమెకిచ్చిన,
ఏ తోక పెడ్తవో నువ్వే రాయి అని.
మొండెం ముందర చానాసేపు నిలబడి
ఏం రాయకుండనే పోయి కూసున్నది.
చాక్‌పీసు మాత్రం తిరిగియ్యలె.

తర్వాత తలలు. అన్, డిస్, ఇమ్, నాన్.
ఇంగ్లీషోడు లేదనేది గడపలనే చెప్తడు.
అన్‌హ్యాపీ అన్నడంటే
హ్యాపీ ఇంకా నోట్లకెల్లి రాకముందే
మనకు సంగతి ఎరుకైతది.
మనది గట్ల కాదు.
వచ్చిండు, రాలేదు. ఇచ్చిండు, ఇయ్యలేదు.
మన లేదు ఎప్పుడూ వెనక బండిల వస్తది.

"అన్యాయంల ముందే ఉన్నది గద?"
చివరి బెంచి పగిళ్ల శ్రీశైలం.
అది సంస్కృతం కాడ బదులు తెచ్చుకున్న అ,
మనింట్ల పుట్టింది కాదన్న.
"బదులు తెచ్చినం, ఇంకా కట్టలేదా సారూ?"
క్లాసంత నవ్వింది. నేనూ నవ్విన.

గౌసియా మాత్రం నవ్వలె.
"మా అబ్బా నడిపే ట్యాంకరు వెనక
ఇన్‌ఫ్లేమబుల్ అని రాసుంటది.
ఇన్ అంటే లేదే కద, మరి అది అంటుకోదా?"
అంటుకుంటది తల్లీ.
గా ఇన్ లేదని చెప్పే ఇన్ కాదు,
అచ్చం గట్లనే కనబడ్తది గంతే.
"మరెట్ల తెల్వాలె?"
తెల్వది. ఒక్కొక్కటి కాల్చుకుంట నేర్చుకునుడే.
అబ్బాకు చెప్పు, బీడీ బండికి దూరంగ తాగమని.

జేబుల ఫోను వణికింది. నల్లగొండ నంబరు.
సిగ్నలు స్కూలు మొత్తంల ఒక్కకాడనే నిలుస్తది,
నీళ్ల ట్యాంకు మూడో మెట్టు మీద,
అదీ మొఖం డిండి దిక్కు పెడ్తేనే.
ఉరికిన.

నేను వాలంటీరును.
ఏడేండ్ల సంది నా కొలువు
ఒక్క రీ మీద నడుస్తున్నది.
న్యూ అంటే కొత్త, రీ అంటే మళ్ల,
ప్రతి జూన్‌ల పాత నన్నే మళ్ల కొత్త చేస్తరు.
చేస్తే.

"హలో, ఎనుముల దశరథం సారేనా?
వాలంటీర్ల లిస్టు వచ్చింది సార్,
మొత్తం చూసిన, రెండుసార్లు చూసిన,
మీ పేరు అందుల"

సిగ్నలు పోయింది.

ఫోనును ఎండకు ఎత్తి పట్టిన,
ఇంకో మెట్టెక్కిన, దిగిన.
ఇంగ్లీషుల చెప్పినా బాగుండు,
ఆ నాట్ అనే ముక్క ముందే తాకి
ఈపాటికి కూసోనన్న కూసుందును.
ఉన్నది, లేదా లేదు.
చూసిన్రా మన భాష,
రెండింట్ల ఏదో తెల్వనప్పుడు గూడ
లేదానే నడుమ నిలబెడ్తది.

మళ్ల చేస్తే ఆడమనిషి రికార్డు గొంతు,
మీరు పిలుస్తున్న వ్యక్తి ప్రస్తుతం అందుబాటులో లేరు.
అదొక్కటి మాత్రం
ఆఖరిదాక ఖుల్లగ వినబడ్డది.

క్లాసుకు తిరిగొచ్చేసరికి
బోర్డు మీద మొండెం వెనక
చిన్న అడ్డగీత గీసున్నది.
గీత తర్వాత ఏం లేదు.
బుజ్జి వేళ్లకు తెల్లగ సున్నం.
ఎందుకాపినవ్ అని అడుగుదామనుకున్న,
గంట కొట్టిన్రు.
లెక్కల సారు లోపలికొస్తుండు,
చేతిల డస్టరు.